స్నో ప్లౌ: బోల్టుల కంటే ముందు లెక్క

పికప్ ట్రక్కు ముందు స్నో ప్లౌ, అంటే మంచు తోసే పెద్ద బ్లేడ్, పెట్టించాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఒకటే, "నా బండికి ఇది పడుతుందా?" అని. అమ్మేవాళ్ళు చెప్పే "పడుతుంది" అన్న జవాబు చాలాసార్లు నిజమే, కాకపోతే సగం నిజం. ప్లౌని పట్టుకునే మౌంట్ బండి ఫ్రేముకి అతుకుతుంది, బోల్టులు రంధ్రాల్లో కూర్చుంటాయి, వైర్లు కలుస్తాయి, బటన్ నొక్కితే బ్లేడ్ లేస్తుంది, దిగుతుంది. ఆ బరువుని ముందు యాక్సిల్, అంటే ముందు చక్రాల ఇరుసు, మోయగలదా లేదా అన్నది మాత్రం వేరే సంగతి. అది రెంచీతో తేలదు, కాటా మీదే తేలుతుంది. ప్లౌ బిగించడంలో వచ్చే తలనొప్పులు, అంటే బాల్ జాయింట్లు (ముందు చక్రాల దగ్గరి కీళ్ళు) త్వరగా అరిగిపోవడం, బ్రేకు వేస్తే వెనక భాగం జారడం, హెడ్‌లైట్లు ఎటో చూడటం, వీటిలో చాలావరకు ఈ ఒక్క లెక్క వెయ్యకపోవడం వల్లే వస్తాయి.

ట్రక్కు ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే టోయింగ్ కెపాసిటీ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ట్రెయిలర్ బరువులో ఎక్కువ భాగాన్ని దాని చక్రాలే మోస్తాయి, ట్రక్కు లాగుతుంది అంతే. ప్లౌ అలా కాదు, గాల్లోకి ఎత్తి రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ దాని బరువంతా ట్రక్కు మీదే ఉంటుంది, అదీ ముందు బంపర్‌కి అవతల వేలాడుతూ. ఇంటి డ్రైవ్‌వే కోసం వచ్చే తేలికపాటి ప్లౌలు సుమారు 150 నుంచి 250 కిలోలు ఉంటాయి. త్రీ క్వార్టర్ టన్ ట్రక్కులకి (మామూలు పికప్ కంటే ఒక మెట్టు బరువైన తరగతి) వేసే ఏడున్నర, ఎనిమిది అడుగుల స్టీల్ బ్లేడ్లు సరంజామాతో కలిపి 320 నుంచి 400 కిలోల దాకా వెళ్తాయి. పెద్ద వీ-ప్లౌలు (మధ్యలో వీ ఆకారంలో మడిచేవి) ఇంకా పైకే పోతాయి. టన్నులు టన్నులు లాగే బండికి ఈ 350 కిలోలు ఒక లెక్కా అనిపిస్తుంది కానీ, లెక్కే.

డోర్ మీద స్టిక్కర్, ఊరి బయట కాటా

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. అమెరికా, కెనడాల్లో అమ్మే ప్రతి ట్రక్కుకీ ఉంటుంది. దాని మీద జీవీడబ్ల్యూఆర్ అని మొత్తం బండి మోయదగ్గ గరిష్ఠ బరువు, జీఏడబ్ల్యూఆర్ అని ఒక్కో యాక్సిల్ మీద పడదగ్గ గరిష్ఠ బరువు విడివిడిగా రాసి ఉంటాయి. ప్లౌకి సంబంధించి అసలు అంకె ముందు యాక్సిల్‌ది. మొత్తం బరువు పరిమితిలోనే ఉండి ముందు యాక్సిల్ ఒక్కటే దాటిపోవడం చాలా మామూలు విషయం, ఎందుకంటే ఇంజిన్ ఎలాగూ అక్కడే ఉంది, ప్లౌ కూడా అక్కడికే వచ్చి చేరుతోంది.

రెండో అంకె కాటా ఇస్తుంది. ట్యాంకు నిండా ఇంధనం పోసి, మంచు తీసేటప్పుడు బండిలో ఎంతమంది కూర్చుంటారో అంతమందినీ కూర్చోబెట్టి, మామూలుగా వేసుకుని తిరిగే టూల్‌బాక్సూ గొలుసులూ అన్నీ వేసుకుని, లారీలు తూచే కాటా మీదికి తీసుకెళ్ళి ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ వేరువేరుగా తూకం వేయించుకోవాలి. బ్రోషర్‌లో ఉన్న ఖాళీ బండి బరువు నమ్మడానికి లేదు. మనుషుల బరువు లెక్కేయడానికి అమెరికా ఫెడరల్ నిబంధనలు ఒక్కో సీటుకి 68 కిలోలు తీసుకుంటాయి, అంటే 150 పౌండ్లు. శీతాకాలపు బూట్లు, మందపాటి జాకెట్, పార వేసుకుని ఎక్కే మనిషి అంత తేలిగ్గా ఉండడు. కాబట్టి అసలు మనుషులతోనే తూచడం మేలు.

ఇక చాలామంది తప్పటడుగు వేసే చోటు. స్టిక్కర్‌లో ముందు యాక్సిల్‌కి 2,400 కిలోలు అని ఉందనుకుందాం. కాటా మీద ముందు యాక్సిల్ 1,950 చూపించింది. మిగిలింది 450. ప్లౌ బరువు 350. ఇంకా వంద కిలోలు మిగిలాయి కదా, హాయిగా పెట్టించేసుకోవచ్చు అని ఇంటికి వచ్చేస్తారు.

కానీ ప్లౌ ముందు యాక్సిల్ మీద కూర్చోదు, దానికి చాలా ముందు వేలాడుతుంది. నీళ్ళ బకెట్‌ని ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే తేడా. ప్లౌ గరిమనాభి ముందు యాక్సిల్‌కి 1.2 మీటర్లు ముందుందనీ, ట్రక్కు వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య దూరం) 3.6 మీటర్లనీ అనుకుంటే, ముందు యాక్సిల్ మీద అదనంగా పడే బరువు 350 కాదు. 350ని 3.6, 1.2 కలిపిన 4.8తో గుణించి 3.6తో భాగించాలి. వచ్చేది 467 కిలోలు. అంటే పరిమితి 17 కిలోలు దాటిపోయింది. ఆ అదనపు 117 కిలోలు ఎక్కడినుంచి వచ్చాయంటే వెనక యాక్సిల్ నుంచి. ముందు యాక్సిల్ ఊతబిందువులా పనిచేసి, ప్లౌ ముందుకి వంగుతూ బండి వెనక భాగాన్ని పైకి లేపుతుంది. అసలే ఖాళీ పికప్‌కి వెనక బరువు తక్కువ, మంచు రోడ్డు మీద అందులోంచి ఇంకో 117 కిలోలు పోతే వెనక చక్రాలకి పట్టు ఏముంటుంది? బ్రేకు వేసినప్పుడు వెనక భాగం పక్కకి తిరగడానికి ఇదే కారణం.

అందుకే వెనక ట్రేలో బరువు వెయ్యాలి, దీన్నే బ్యాలస్ట్ అంటారు. చాలామందికి ఇది పట్టు కోసం వేసే ఇసుక బస్తా మాత్రమే. నిజానికి అది ముందు యాక్సిల్‌ని కూడా తేలిక చేస్తుంది, ఎక్కడ వేశామన్న దాన్ని బట్టి. పై ఉదాహరణలోనే 200 కిలోల ఇసుకని టెయిల్‌గేట్ (ట్రే వెనక తలుపు) వైపు, వెనక యాక్సిల్‌కి 0.9 మీటర్లు వెనక వేస్తే, ముందు యాక్సిల్ మీద 50 కిలోలు తగ్గుతాయి. 467 కాస్తా 417 అవుతుంది, మిగిలిన 450 లోపలికి వచ్చేస్తుంది. అవే 200 కిలోలని క్యాబిన్ వెనక గోడకి ఆనించి, అంటే వెనక యాక్సిల్‌కి 0.6 మీటర్లు ముందు వేస్తే, ముందు యాక్సిల్ మీద 33 కిలోలు పెరుగుతాయి. 500 అయి కూర్చుంటుంది. అదే ఇసుక, అదే బరువు, ఒక చోట వైద్యం, ఇంకో చోట రోగం. చాలా ట్రక్కుల్లో ఇసుక బస్తాలు క్యాబిన్‌కి ఆనించే కనిపిస్తాయి, అక్కడ జరగకుండా ఉంటాయని కాబోలు.

జరగకుండా ఉండాలన్న ఆలోచన మాత్రం సరైనదే. వదులుగా పడేసిన సిమెంటు దిమ్మలు, ఇనప ముక్కలు గట్టిగా బ్రేకు వేసినప్పుడు నేరుగా క్యాబిన్ వైపే దూసుకొస్తాయి. టెయిల్‌గేట్ దగ్గర ఇసుక సంచులు పేర్చి, వాటికి ముందు చెక్క ఫ్రేము ఒకటి ట్రే గోడల మధ్య బిగుతుగా పెట్టి, పైనుంచి పట్టీలతో కట్టేస్తే సరిపోతుంది. ఇసుక సంచులే ఎందుకంటే ఎక్కడైనా చక్రం ఇరుక్కుంటే ఒకటి చింపి కిందపోసుకోవచ్చు. బ్యాలస్ట్ కూడా బరువే కాబట్టి చివర్లో మొత్తాన్ని జీవీడబ్ల్యూఆర్‌తో, వెనక యాక్సిల్ అంకెతో మళ్ళీ సరిచూసుకోవాలి. ఈ ఉదాహరణలో ప్లౌ, ఇసుక కలిపి బండి మీద 550 కిలోలు కొత్తగా చేరాయి.

ఉప్పు చల్లే స్ప్రెడర్ వెనక పెట్టుకున్నవాళ్ళు అదే బ్యాలస్ట్ అని ధీమాగా ఉంటారు. బయల్దేరేటప్పుడు అది నిజమే. పని సాగేకొద్దీ ఉప్పు ఖాళీ అవుతుంది, తెల్లవారుజామున ఇంటికి తిరిగొచ్చేసరికి వెనక బరువు పోయి ముందు ప్లౌ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే లెక్క స్ప్రెడర్ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి వెయ్యాలి. నిండుగా ఉన్నప్పుడు మొత్తం బరువు, వెనక యాక్సిల్ పరిమితి దాటొచ్చు, ఖాళీ అయ్యాక ముందు యాక్సిల్ దాటొచ్చు. రెండు చివర్లా ఇమిడితేనే ఆ జత ఆ బండికి కుదిరినట్టు.

పెద్ద ఇంజిన్ ఉంటే మంచిదనుకుంటే

ఈ లెక్కలో ఒక తమాషా ఉంది. ఒకే మోడల్ ట్రక్కులో డీజిల్ ఇంజిన్ ఉన్నది, పెట్రోలు ఇంజిన్ ఉన్నదాని కంటే ముందు భాగంలో కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువుంటుంది. నాలుగు తలుపుల క్రూ క్యాబ్ ఇంకొంచెం బరువు కలుపుతుంది. అంటే చూడటానికి అన్నిటికన్నా బలంగా, ఖరీదుగా కనిపించే డీజిల్ క్రూ క్యాబ్‌కి ప్లౌ మోయడానికి మిగిలే జాగా, సాదా పెట్రోలు రెండు తలుపుల రెగ్యులర్ క్యాబ్ కంటే తక్కువ కావచ్చు. మంచు తీసే కాంట్రాక్టర్ల దగ్గర రెండు తలుపుల పెట్రోలు ట్రక్కులు ఎక్కువగా కనిపిస్తాయంటే అది పిసినారితనం వల్ల మాత్రమే కాదు.

కొత్త ట్రక్కు కొనేటప్పుడే ప్లౌ ఆలోచన ఉంటే ఫ్యాక్టరీ నుంచి స్నో ప్లౌ ప్రెప్ ప్యాకేజీ అడగడం అన్నిటికన్నా సుఖం. ఫోర్డ్ సూపర్ డ్యూటీ, రామ్ 2500, షెవర్లే సిల్వరాడో 2500హెచ్‌డీ లాంటి వాటికి ఇది దొరుకుతుంది. కంపెనీని, ఏడాదిని బట్టి అందులో ఉండేవి మారతాయి కానీ సాధారణంగా గట్టి ముందు స్ప్రింగులు, ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ లాంటివి వస్తాయి. స్ప్రింగుల్ని ఫ్యాక్టరీయే మార్చి యాక్సిల్ అంకెని పెంచితే అది స్టిక్కర్ మీదికి కూడా ఎక్కుతుంది, అసలు లాభం అదే.

తర్వాత బయట కొని వేసుకునే హెల్పర్ స్ప్రింగులకీ, రబ్బరు బంప్ స్టాపులకీ, లెవెలింగ్ కిట్లకీ ఆ శక్తి లేదు. ప్లౌ ఎత్తినప్పుడు ముక్కు కిందికి వాలకుండా అవి ఆపుతాయి, అంతే. యాక్సిల్, బేరింగులు, బాల్ జాయింట్లు, చక్రాలు, టైర్లు, బ్రేకులు అవే పాతవి. బండి వాలడం ఆగింది కాబట్టి బరువు తగ్గిందని అనుకోవడం కంటే ప్రమాదకరమైన భ్రమ ఈ పనిలో ఇంకోటి లేదు, ఎందుకంటే కనిపించే హెచ్చరిక కాస్తా మాయమైపోతుంది. టోర్షన్ బార్ (స్ప్రింగు బదులు మెలితిరిగే కడ్డీ) ఉన్న ట్రక్కుల్లో బోల్టు తిప్పి ముక్కు పైకి లేపేస్తుంటారు. దానివల్ల రేటింగ్ పెరగదు సరికదా, సీవీ యాక్సిళ్ళ (ముందు చక్రాలని తిప్పే కడ్డీల) కోణం మారి అవి త్వరగా పాడవుతాయి, వీల్ అలైన్‌మెంట్ కూడా చెదిరిపోతుంది. బ్లేడ్ ఎత్తినప్పుడు ముక్కు కొద్దిగా దిగడం సహజమే. అంకెలు లోపల ఉంటే దాన్ని భరించొచ్చు.

హాఫ్ టన్ ట్రక్కుల (తేలిక తరగతి, మామూలు పికప్‌ల) సంగతి విడిగా చెప్పాలి. కొన్నిటికి తయారీదారే తేలికపాటి ప్లౌని ఒప్పుకుంటాడు, కొన్నిటికి వద్దంటాడు, ఒకే మోడల్‌లో ఒక ఇంజిన్‌కి సరే అని ఇంకోదానికి కాదనడం కూడా ఉంది. బండి మాన్యువల్‌లో స్నో ప్లౌ గురించి ఏం రాశారో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. వద్దు అని ఉన్నచోట పెట్టించుకుంటే ముందు సస్పెన్షన్ పాడైనప్పుడు వారంటీ గురించి వాదించడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఫ్రేముకి అతికించే భాగం

వెస్టర్న్, ఫిషర్, బాస్, మేయర్ లాంటి కంపెనీలు ప్రతి ట్రక్కు మోడల్‌కీ, మోడల్ ఏడాదికీ ప్రత్యేకంగా మౌంట్లు చేస్తాయి. ఫ్రేములో ఫ్యాక్టరీ వదిలిన రంధ్రాలకి అవి కూర్చునేలా డిజైన్ చేస్తారు. అందుకే మౌంట్ సూచనల్లో చెప్పకుండా ఫ్రేముకి కొత్త రంధ్రం వెయ్యడం, వెల్డింగ్ చెయ్యడం రెండూ చెయ్యకూడని పనులు. ఈ కాలపు ఫ్రేముల్లో గట్టి రకం ఉక్కు వాడతారు, వెల్డింగ్ వేడి తగిలినచోట దాని బలం మారిపోతుంది. పగులు అక్కడే మొదలవుతుంది, అదీ ఆ రోజు కాదు, రెండు మూడు శీతాకాలాల తర్వాత. పైగా వెల్డింగ్ కరెంటు బండిలో ఉన్న కంప్యూటర్లని కూడా కాల్చేయగలదు.

బోల్టుల విషయంలో పెట్టెలో వచ్చినవే వాడాలి. ఒకటి పోయిందని డబ్బాలో దొరికిందేదో వేసేస్తే అదే బలహీనమైన లింకు. బోల్టు తల మీద గీతలు చూస్తే తెలుస్తుంది, గ్రేడ్ 5కి మూడు గీతలు, గ్రేడ్ 8కి ఆరు. మెట్రిక్ బోల్టుల మీద 8.8, 10.9 అని అంకెలే ఉంటాయి. బిగింపు కూడా చేతి అంచనాతో కాదు, టార్క్ రెంచ్‌తో సూచనల్లో ఇచ్చిన అంకెకి బిగించాలి. మొదటి రెండు మూడు గంటల పని తర్వాత మళ్ళీ ఒకసారి అన్నీ బిగించాలి, ఎందుకంటే పెయింటు, తుప్పు పొరలు నలిగి బోల్టులు కొంత వదులవుతాయి. ఈ రెండో బిగింపుని ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ.

మౌంట్ ఎత్తు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ అది చాలా ముఖ్యం. బ్లేడ్ నేల మీద ఉన్నప్పుడు దాన్ని తోసే ఏ-ఫ్రేము నేలకి సమాంతరంగా ఉండాలి. ట్రక్కు ఎత్తు పెంచి ఉంటే, లేదా పెద్ద టైర్లు వేసి ఉంటే ఏ-ఫ్రేము ముందుకి వాలిపోతుంది. అప్పుడు బ్లేడ్ నేలతో చేసే కోణం మారి కింది అంచు ఒక పక్కే అరుగుతుంది, ఇంకా ముఖ్యంగా ట్రిప్ విధానం సరిగ్గా పనిచెయ్యదు. ట్రిప్ అంటే మంచు కింద దాగిన కర్బ్ రాయికో మ్యాన్‌హోల్ అంచుకో తగిలినప్పుడు స్ప్రింగుల మీద బ్లేడ్ మొత్తమో లేక కింది అంచు మాత్రమో మడత పడి దెబ్బని మింగేసే ఏర్పాటు. అది మడత పడకపోతే ఆ దెబ్బంతా ఫ్రేముకీ, అక్కడినుంచి డ్రైవర్ ఛాతీ మీది సీటుబెల్టుకీ వస్తుంది. ఎత్తు కొలిచేటప్పుడు వెనక బ్యాలస్ట్ వేసే కొలవాలి, లేకపోతే ఇసుక వేశాక కొలత మారిపోతుంది.

ఎయిర్‌బ్యాగుల గురించి చాలా భయాలు, అపోహలు ఉన్నాయి. సెన్సార్లు చూసేది బండి ఎంత హఠాత్తుగా వేగం కోల్పోయిందన్నది. సరైన మౌంటూ, పనిచేసే ట్రిప్పూ, నెమ్మదైన వేగం ఉంటే మంచు తొయ్యడం వల్ల అవి తెరుచుకునే పరిస్థితి మామూలుగా రాదు. కానీ సొంతంగా చేయించిన మౌంట్, కోసేసిన బంపర్, జరిపేసిన సెన్సార్ ఉంటే ముందు భాగం ఎలా నలగాలని డిజైన్ చేశారో ఆ లెక్క తప్పుతుంది. ప్లౌ ఉందని ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు పీకేసే పని అస్సలు చెయ్యకూడదు. అమెరికాలో అయితే బండిలో చట్టప్రకారం ఉండాల్సిన భద్రతా పరికరాన్ని తెలిసి తెలిసి పనిచెయ్యకుండా చెయ్యడం డీలర్లకీ రిపేరు షాపులకీ ఫెడరల్ చట్టం నిషేధించింది. క్యాబిన్‌లో ప్లౌ కంట్రోలర్ ఎక్కడ పెడతారన్నది కూడా ఇందులో భాగమే, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో బిగిస్తే అది ముఖానికి వచ్చి తగులుతుంది.

కరెంటు, లైట్లు, వేడి

బ్లేడ్‌ని ఎత్తే హైడ్రాలిక్ పంపు మోటారు ఒక్కోసారి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. 12 వోల్టుల మీద అది దాదాపు రెండున్నర కిలోవాట్లు. అదే సమయంలో హీటరు, వైపర్లు, వెనక అద్దం డీఫ్రాస్టర్, లైట్లు అన్నీ వేసి ఉంటాయి, ఇంజిన్ చూస్తే ఐడిల్‌కి దగ్గర్లో తిరుగుతుంటుంది. ఆల్టర్నేటర్ ఇవ్వలేనిదంతా బ్యాటరీ పూడుస్తుంది, బ్యాటరీ ముసలిదైతే లైట్లు మిణుకుమంటాయి, కంప్యూటర్లు వింత హెచ్చరికలు చూపిస్తాయి. ప్లౌ పెట్టించే ముందు బ్యాటరీని లోడ్ టెస్టు చేయించడం చవకైన జాగ్రత్త.

ఇంత కరెంటు ప్రవహించే చోట చిన్న తుప్పు కూడా పెద్ద సమస్యే. బంపర్ దగ్గర ఊడదీసి తగిలించే కనెక్టర్‌లో ఓమ్‌లో వందో వంతు నిరోధం ఉన్నా 200 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి, 400 వాట్ల వేడి ఆ చిన్న కనెక్టర్‌లోనే పుడుతుంది. ప్లాస్టిక్ కరిగిపోవడానికి అది చాలు. డై-ఎలెక్ట్రిక్ గ్రీజు రాయడం, ప్లౌ తీసేసినప్పుడు మూత పెట్టడం చిన్న పనులు, చాలా డబ్బు కాపాడతాయి. మందపాటి కేబుళ్ళు ఎగ్జాస్టుకి, కదిలే స్టీరింగ్ భాగాలకి దూరంగా వెళ్ళాలి, క్యాబిన్ గోడ దాటే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (వైరు కోసుకుపోకుండా రంధ్రం అంచుకి వేసే రింగు) ఉండాలి.

బ్లేడ్ ఎత్తితే ట్రక్కు హెడ్‌లైట్లు దాని వెనక దాక్కుంటాయి. అందుకే ప్లౌ మీద పైన ఇంకో జత లైట్లు వస్తాయి, ప్లౌ తగిలించగానే ట్రక్కు లైట్లు ఆరి అవి వెలిగేలా వైరింగ్ ఉంటుంది. ఇప్పటి ట్రక్కుల్లో లైట్లని కంప్యూటర్ నడుపుతుంది కాబట్టి హ్యాలొజెన్ బండికి చేసిన హార్నెస్‌ని (వైర్ల కట్టని) ఎల్‌ఈడీ బండికి తగిలిస్తే బల్బు పోయిందని హెచ్చరికలు మొదలవుతాయి, లేదా అసలు వెలగవు. సరైన హార్నెస్ తెప్పించకుండా వైర్లు కోసి అతికించేవాళ్ళు ఆ పొదుపుకి తర్వాత డీలర్ దగ్గర మూల్యం చెల్లిస్తారు. లైట్ల గురి సరిచేసేటప్పుడు ప్లౌ ఎత్తి, బ్యాలస్ట్ వేసి ఉంచాలి.

ముందు గ్రిల్ వెనక ఉండే రాడార్ గురించి పాత ప్లౌ పుస్తకాల్లో ఉండదు. అడాప్టివ్ క్రూయిజ్, ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ దాని మీదే ఆధారపడతాయి, దాని కళ్ళ ముందు పెద్ద ఉక్కు గోడ నిలబెడితే అది ఏం చూస్తుంది? బండిని బట్టి ఆ వ్యవస్థ తనంతట తాను ఆగిపోతుంది, లేదా చేత్తో ఆపాల్సి వస్తుంది. పార్కింగ్ సెన్సార్లు ఆగకుండా కూస్తాయి. ఏది ఎలా ఆపాలో మాన్యువల్ చూసి, సీజన్ మొదట్లోనే తెలుసుకుని ఉంచుకోవాలి, నడిరోడ్డు మీద కాదు.

రేడియేటర్‌కి గాలి కూడా ఇదే బ్లేడ్ ఆపేస్తుంది. బ్లేడ్‌ని తిన్నగా, ఎత్తుగా పెట్టుకుని హైవే మీద పోతే చలికాలంలో కూడా ఇంజిన్ వేడెక్కుతుంది. కొంచెం కిందికి దించి, ఒక పక్కకి తిప్పి పెట్టుకుంటే గాలి వెళ్తుంది, రోడ్డూ కనిపిస్తుంది. చాలా మాన్యువళ్ళలో ప్లౌ తగిలించి వెళ్ళేటప్పుడు గంటకి 45 మైళ్ళు, అంటే సుమారు 72 కిలోమీటర్లు దాటొద్దని ఉంటుంది. మంచు తోసేటప్పుడు అయితే వేగం గంటకి పది మైళ్ళ చుట్టుపక్కలే ఉండాలి. ముందు చక్రాల మీద అంత బరువుతో బ్రేకు దూరం ఎలాగూ పెరుగుతుంది.

వెడల్పు, చేతులు, పాత సరుకు

బ్లేడ్ వెడల్పు ఎంచుకునేటప్పుడు తిన్నగా ఉన్నప్పటి కొలత చూసి మోసపోతారు. మంచుని పక్కకి తొయ్యడానికి బ్లేడ్‌ని సుమారు 30 డిగ్రీలు తిప్పుతారు, అప్పుడు అది శుభ్రం చేసే దారి దాని పొడవులో 87 శాతమే. ఏడున్నర అడుగుల బ్లేడ్, అంటే 229 సెంటీమీటర్లు, తిప్పాక 198 అవుతుంది. ఫుల్‌సైజ్ ట్రక్కు వెడల్పు రెండు మీటర్లకి కాస్త అటూ ఇటూ, అంటే చక్రాలు తొక్కే దారి మొత్తం శుభ్రం కాకపోవచ్చు. ఎనిమిది అడుగులది 211 ఇస్తుంది. కానీ ఆ అర అడుగు మళ్ళీ బరువే, కాబట్టి మళ్ళీ కాటా దగ్గరికే వెళ్ళాలి.

బిగించేటప్పుడు దెబ్బలు తగిలేది ఎక్కువగా రెండు చోట్ల. ఎత్తిన బ్లేడ్ కింద కాలో చెయ్యో పెట్టడం ఒకటి. హైడ్రాలిక్ పైపు తెగినా, ఎవరైనా క్యాబిన్‌లో పొరపాటున బటన్ నొక్కినా వందల కిలోలు ఒక్కసారి కిందపడతాయి. పని మొదలుపెట్టే ముందు బ్లేడ్‌ని నేలకి దించడం, ఎత్తాల్సి వస్తే దిమ్మలు పెట్టడం, తాళం తీసి జేబులో వేసుకోవడం తప్పనిసరి. రెండోది నూనె లీకు. ఈ వ్యవస్థలో ఒత్తిడి చదరపు అంగుళానికి 1,500 నుంచి 2,500 పౌండ్ల దాకా ఉంటుంది, సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మంలోకి దూరిపోగలదు. లీకు ఎక్కడుందో వేలితో వెతకకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. అలా నూనె లోపలికి వెళ్తే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, మర్నాటికి వాయిదా వేస్తే వేలు పోవచ్చు.

పాత ప్లౌ చవగ్గా వస్తోందని కొనేవాళ్ళకి ఒక్క మాట. బ్లేడ్ ఒకటి, దాన్ని బండికి కలిపే సామాను ఇంకొకటి. మౌంట్ వేరే ట్రక్కుది అయి ఉంటుంది, వైరింగ్ వేరే హెడ్‌లైట్లకి చేసినది అయి ఉంటుంది, కొత్త మౌంటూ హార్నెస్సూ కంట్రోలరూ కలిపితే ఒక్కోసారి బ్లేడ్ ధరనే దాటేస్తాయి. తుప్పు పట్టిన పాత మౌంట్‌ని కోసి, అతికి, సాగదీసి కొత్త బండికి సరిపెట్టడం కంటే ఆ బేరం వదిలేసుకోవడమే నయం. అయినా కొనాలనిపిస్తే అమ్మేవాడిని అడగాల్సినవి ఏ ట్రక్కు మీద వాడారు, మౌంట్ నంబరు ఎంత, బ్లేడ్ మొత్తం బరువెంత అన్నవి. బరువు తెలియదంటే దాన్ని ట్రెయిలర్ మీద వేసుకుని అదే కాటాకి తీసుకెళ్ళొచ్చు.